ఎడమ కిటికీ

జయపురం ఎయిర్‌స్ట్రిప్ దగ్గర
తూకం వేసేది నేనే.
సంచుల్నే కాదు, మనుషుల్ని కూడా.
తొమ్మిది సీట్ల విమానం మాది.
ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది
టిక్కెట్టు చెప్పదు, కిలోలు చెబుతాయి.

ఆ పొద్దున కొల్లి గవరయ్య వచ్చాడు.
ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, జేబు మీద కుట్టు విప్పిన గుర్తు.
ఒకప్పుడు అక్కడ బ్యాడ్జీ ఉండేదన్నమాట.
చెప్పులు విప్పి మిషనెక్కబోతే
వద్దు తాతా, వాటి బరువు కూడా మీదే అన్నాను.
అరవై ఒక్క కిలోలు, చెప్పులతో కలిపి.

"ఇశాపట్నం ఎంత దూరం?"
గాలిలో నూట నలభై చిల్లర కిలోమీటర్లు,
నలభై అయిదు నిమిషాలు.
నవ్వలేదు. వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు:
కొరాపుట్టు, సెమిలిగుడ, పొట్టంగి, సుంకి,
సాలూరు దిగితే టీ,
రామభద్రపురం, గజపతినగరం...
రెండో చెయ్యి కూడా వాడుకున్నాడు.
"ముప్పై ఒక్క ఏళ్ళు తోలేనమ్మా ఆ బస్సు.
నీ నలభై అయిదు నిమిషాలకి
నాకు కొరాపుట్టు ఘాటీయే తెగేది కాదు."

ఎడమ కిటికీ కావాలన్నాడు.
సుంకి ఎడం పక్కన, కాస్త దూరంగా వస్తుందట,
రాత్రంతా లెక్క కట్టాడట.
తూకం ఒప్పుకోలేదు. ఆ సీటు
అల్లం వ్యాపారిది, తొంభై నాలుగు కిలోలు.
వ్యాపారిని ముందుకి, అల్లం సంచుల్ని వెనక్కి,
ఏవో కూడికలు, ఏవో తీసివేతలు,
పైలట్ నా కాగితం రెండుసార్లు చూసి
సరే అన్నాడు.

మూడో నాడు బస్సులోనే తిరిగొచ్చాడు.
పొట్టంగి దగ్గర కొండచరియ విరిగిందట, తొమ్మిది గంటలు.
ఇంటికి పోకుండా నేరుగా నా బల్ల దగ్గరికి.
రోడ్డు కనిపించిందా తాతా?
"ఏటి కనిపిస్తాది. అంతా మబ్బే.
రెక్క కూడా సగమే కనిపించింది.
గానీ ఓ చోట విమానం ఎడమకి వాలింది సూడు,
నా కాలు బ్రేకు తొక్కేసింది.
ముందు సీటు ఇనపకాడ తగిలి, ఇదిగో."
బొటనవేలు నిజంగానే వాచింది.

"సరీగ్గా ఆ వంపులోనే
మా క్లీనరు బుద్రా జాని
రాళ్ళట్టుకుని దూకేవోడు, చక్రాల కింద పెట్టడానికి.
ఆడు పోయి పన్నెండేళ్ళు.
పైనుంచి తొక్కితే బస్సాగుతాదేటి?
ఆడైతే నవ్వుదును."

ఆ రోజు పేజీ తిప్పి చూశాను.
దూరం గడిలో ఎప్పటి అంకే.
సమయం గడిలో నలభై ఏడు, నా చేతిరాతే.
రెండు నిమిషాలు ఎక్కడ తేడా వచ్చాయో
ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

వెళ్తూ వెళ్తూ జేబులోంచి చిన్న పొట్లం తీశాడు.
చెవుల్లో పెట్టుకోమని నేనిచ్చిన దూది.
వాడలేదట.
"సెవులు మూసుకుంటే
ఇంజను మాటెలా ఇంటాను?"