గాలి బుడగలు

గోల్బర్న్‌లో జూన్ పొద్దు.
గ్యారేజీ నేల మంచుగడ్డ.
ఒంటి పిస్టన్ కాలిపర్ ఊడదీశాను.
పోయిన నెల ట్రాక్ మీద, రెండో మలుపులో,
పెడల్ మెత్తగా నేలకి దిగిపోయి
నన్ను గడ్డిలోకి మోసుకెళ్లింది ఇదే.

కొత్తవి ఎర్రవి. నాలుగేసి పిస్టన్లు.
ధర హైమకి సగమే చెప్పాను.

"తొక్కు." తొక్కింది.
"పట్టుకో." పట్టుకుంది.
నిపిల్ వదులు చేస్తే
సన్న గొట్టంలో బుడగ, వెనకే ఇంకొకటి.
"ఇంకా ఎంతసేపు?"
"గాలంతా పోయేదాకా."
"కాస్త మిగిలితే?"
"మలుపు దగ్గర తెలుస్తుంది."

తన ఉన్ని మేజోడు మడమ దాకా జారింది.
చక్రం పక్కనుంచి, స్పానర్ వదలకుండానే,
మిగతా సగం చెప్పేశాను.

పెడల్ ఇప్పుడు రాయి.
హైమ దాని మీంచి
ఇంకా కాలు తియ్యలేదు.