పాలపళ్ళేగా

పాలపళ్ళేగా అన్నారు అందరూ.
ఊడిపొయ్యేవే గదా అన్నారు.
నేనూ అన్నా.

కెజియాకి అప్పటికి రెండేళ్ళు నిండలా.
శనివారం కూలి లెక్కకని
చీమకుర్తిలో మా పాలిషింగ్ షెడ్డుకి వెంటబెట్టుకుపోయా.
ఎత్తుకోమంది.
నోట్లు లెక్కపెడతా, ఆగమన్నా.
తడిరాయి మీద కాలు జారింది.

పై వరసలో ముందు పన్ను
చిగుర్లోకి దిగబడింది,
మేకు నెత్తిన సుత్తి పడ్డట్టు.
రాత్రికి పుల్లైసు తిందని నవ్వుకున్నాం.
మూణ్ణెల్లకి దానంతటదే కిందికొచ్చి
బూడిదరంగు తిరిగింది.
"పోతే పోనీరా, అసలుది వస్తదిగా" అంది మా అమ్మ.

అసలుది అప్పటికే లోపలుందని
మాలో ఎవరికీ తెలీదు.

ఆరో ఏట ఊడితే
పేడలో చుట్టి రేకుల మీదికి విసిరా.
కొత్తది ఆలస్యంగా వచ్చింది, రంపం అంచుతో.
నడిమధ్యన బెల్లంరంగు మచ్చ,
గోరు ఆనిస్తే చిన్న గుంట.
బ్రష్షుతో గట్టిగా తోమా.
బిడ్డ ఏడ్చింది. మచ్చ పోలా.

ఒంగోల్లో డాక్టరమ్మ ఎక్సురే వెలుతురుకి ఎత్తింది.
"పాలపంటి వేరు పక్కనే
పెద్దపన్ను పెంకు కట్టుకుంటా ఉంటది.
పైది దిగి దీన్ని పొడిచింది.
చిన్నప్పుడు దెబ్బేమన్నా తగిలిందా?"
నేను నోరు తెరిచేలోపే
"లేదు" అంది కెజియా.
దానికి గుర్తులేదు.

"పూత వేద్దాం, భయం లేదు.
ఆరోజే తెచ్చినా ఆపగలిగేదాన్నని చెప్పను.
కనిపెట్టుకుని మాత్రం ఉండేవాళ్ళం."

నా పనే కనిపెట్టడం.
పలక మీద నీళ్ళు కొట్టి, ఒంగి,
వెలుతుర్ని అడ్డంగా పట్టి వెతుకుతా.
గీతో, గుంటో దొరికితే సుద్దతో సున్నా చుడతా.
బంగారు చుక్కల రాయికి ధర పెడతారు,
సున్నా పడ్డదాన్ని పక్కకి తోస్తారు.
పేలుడు కొండ పైన జరుగుద్ది,
చీలిక కింద రాయిలో దాక్కుంటది,
కోసేదాకా బయటపడదు.
పదిహేనేళ్ళుగా ఇది తెలిసినోణ్ణే.

రాత్రి కెజియా నోరు తెరుచుకుని వచ్చింది.
"నాన్నా, ఇంకోటి ఊగుతంది, చూడు!"
గడ్డం పట్టి ఫోను లైటు అడ్డంగా వేశా.
ఊగేదాన్ని చూడలా,
దానికింద, ఇంకా రానిదాన్ని
చిగురు మీంచే వెతుకుతా ఉన్నా.

"చాల్లే నాన్నా," అంది,
"దవడ నొప్పెడతంది."