అతికించి చూడొద్దు

మొండెం మిరపచేలో ఉంది.
ఎడమ రెక్క నాలుగొందల గజాల అవతల,
కాలవకట్ట మీద, తూము పక్కన.
రెక్కే ముందు ఊడింది.
అంతవరకు నేల చెబుతోంది.

కౌలురైతు యేసురత్నం రాత్రంతా కాపలా ఉన్నాడు.
కాయల మీద కప్పాల్సిన పట్టాలు
ముక్కల మీద కప్పాడు, మంచు పడకుండా.
ముక్క ముక్క పక్కనా పుల్ల గుచ్చాడు.
నలభై మూడు.
నా లెక్కలో నలభై ఒకటి.
మళ్ళీ లెక్కపెట్టాను. ఆయనదే కరెక్టు.

"ఆ కుర్రోడికి నడపటం రాదంటన్నారు ఊళ్ళో,"
అని, పట్టా అంచు సర్దుతూ నిలబడ్డాడు.
జవాబు చెప్పే హక్కు నాకింకా రాలేదు.
చేతులకి తొడుగులేసుకుని
రెక్క దూలం విరిగిన చోట కూర్చున్నాను.

రెండు ముక్కల్నీ అతికించి చూడొద్దు:
ఈ పనిలో మొదటి పాఠం.
ఇరవయ్యేళ్ళయినా
చేతులకి అదే ఆశ.
రాసుకుంటే గరుకు చెదురుతుంది.
వాంగ్మూలమంతా ఆ గరుకులోనే.

ఆటోనగర్‌లో
లారీ ఇరుసుల మధ్య పెరిగిన మీరావలి
అద్దం కింద పెట్టకముందే అన్నాడు:
"మేడం, ఇది ఏళ్ళ నించీ ఇరుగుతా ఉంది."

సగం ముఖం పాతది. నల్లబడి, నునుపెక్కి,
కృష్ణలో నీళ్ళు తీసినప్పుడు
బ్యారేజీ స్తంభాల మీద మిగిలే చారల్లా
ఒకదాని వెనక ఒకటి, వంపులు.
ఎగరడం, దిగడం, ఎగరడం.
మిగతా సగం తెల్లగా, పంచదార పలుకుల్లా.
అది ఒక్క క్షణానిది.

వంపుల్ని పట్టుకుని వెనక్కి నడిస్తే
ఒక బోల్టు రంధ్రం, అంచున వెంట్రుకంత గాటు.
డ్రిల్లు కాస్త వంకరగా దిగిన ఏదో మధ్యాహ్నం.
భోజనాల వేళేమో.
కరెంటు పోయి వచ్చిందేమో.
ఏమోలు నివేదికలో రాయకూడదు.
లాగ్‌బుక్కులో పదకొండేళ్ళుగా ఒకటే మాట:
"చూశాం. బాగుంది."
కింద ముచ్చటైన దస్తూరీ.

హితేష్, నూట పన్నెండు గంటల అనుభవం.
రెక్క లేని వైపుకి దొర్లుతుంటే
చివరిదాకా కుడికి తిప్పి పట్టుకున్నాడు.
కేబుల్ మీద కప్పీ ముద్ర
ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.

నివేదికకి ఇంకా ఏడు నెలలు.
పట్టాలు తిరిగిచ్చే వంకతో చేలోకెళ్ళాను.
కల్లంలో కాయలు ఆరుతున్నాయి.
ఘాటుకి అందరి కళ్ళలోనూ నీళ్ళు,
అది సాక్ష్యం కిందకి రాదు.

యేసురత్నం ఏమీ అడగలేదు.
పట్టాలు దులిపి మడతపెట్టుకున్నాడు.
చేలో పుల్లలు ఇంకా పీకలేదు.
వాటిని తప్పించి
కాయలు కోయించాడు.