బూడిద తుడిచే పని

పద్దెనిమిదేండ్లు ఆ దున్నపోతును మేపినా.
దున్నపోతంటే జనరేటరు.
ముద్దనూరులో డీజిలు క్యాను సైకిలుకు కట్టుకోని
కాన్వెంటు గేటు దాకా తొక్కుకుంటా వస్తాంటే
నా చొక్కా వాసనకే హాస్టలు పిల్లోళ్ళు
"కరెంటు మామ" అని ఎగిరేవాళ్ళు.

పేరు దూదేకుల ఉసేనప్ప.
మా నాయన దూది ఏకినాడు.
నేను పొగ ఏకినా.

ఎదురుగా థర్మలు గొట్టాలు,
రాత్రంతా ఎర్రదీపాలు ఆర్పుకుంటా వెలిగించుకుంటా
యాడాడి ఊర్లకో కరెంటు పంపుతాంటాయి.
వాటి నీడన ఉండే మాకు
అన్నం ముందర కూర్చునే యాళకే కోత.

ఇన్నాసమ్మ మదరు లెక్క రాసే మనిషి.
డీజిలుకు ఎంత, టీబీ వార్డులో మందులకు ఎంత,
రెండు అంకెలు పక్కపక్కన రాసుకోని
పెన్సిలు కొరుక్కుంటా కూర్చుండె ఒక రాత్రి.
"ఉసేనప్పా, ఎండను ఎన్నిసార్లు తిట్టింటాం మనం?"
"లెక్క పెట్టలేదమ్మా."
"ఇంక తిట్టొద్దు. దాంతో పని పడింది."

ప్రొద్దుటూరు నుంచి లారీలో దిగినాయి పలకలు,
తొంభై ఆరు.
వడ్ల బస్తా మాదిరి భుజానికెత్తుకోబోతే
బిగించేటోడు కేకేసినాడు,
పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకోమని.
గుడి మిద్దె మీద వద్దన్నారు కొందరు,
సిలువ కంటే ఎత్తవుతాయని.
మదరు నిచ్చెనెక్కి జేనతో కొలిచె.
"మూడు జేనలు తగ్గే ఉండాయి, బిగించండి."

అప్పాలు కాల్చే ఇనప అచ్చు
ఫ్లావియా సిస్టరు చేతుల్లో ఎప్పుడూ సగంలో చల్లారేది.
మంత్రం పడని ఆ పచ్చి అప్పాలు నా మేకలు తినేవి.
ఇప్పుడు పదకొండు గంటల ఎండకు అచ్చు కాగుతాంది,
ఒక్కొక్కటే నిండు చందమామ మాదిరి ఊడొస్తాంది.
నష్టం నా మేకలకే.

పీఠం పక్కన ఎర్రగాజులో నూనెదీపం ఒకటుంది.
"దీనికీ ఒక బల్బు పెట్టేద్దునా?" అన్నాడు బిగించేటోడు.
మదరు నూనె సీసా వంచి
ఒత్తి రవ్వంత పైకి లాగింది.
ఆ పిల్లోడు మళ్ళీ అడగలా.

దున్నపోతు లేని మొదటి రాత్రి
ఏడు గంటలకు నా చెయ్యి దానంతటదే తాడు కోసం పాయె.
తాడు లేదు.
పాత ఇనుమోడు మధ్యాన్నమే తూకమేసి తీసకపోయినాడు.
షెడ్డులో నూనె మరక మీద గొంతుక్కూచ్చున్నా.

అప్పుడు ఇనిపించింది.
ఆడోళ్ళ గొంతులు. ఒక వరస పాడి, ఆగి,
ఆ పక్కోళ్ళు ఇంకొక వరస.
పద్దెనిమిదేండ్లు వాళ్ళ ప్రార్థనకు వెలుతురిచ్చింది నేను.
దాన్ని నా చెవిన పడనీకుండా చేసిందీ నేనే.
ఎడమ చెవిని దున్నపోతు ఎప్పుడో మేసేసింది,
కుడి చెవిని కిటికీ పక్కకు తిప్పినా.
సగం అర్థమాయె.
మిగతా సగానికి అర్థం లేకున్నా జరిగిపాయె.

ఇప్పుడు నా పని తుడిచేది.
థర్మలు బూడిద రాత్రి గాలికొచ్చి
పలకల మీద దుప్పటి మాదిరి పడుకుంటాది.
మూడు దినాలు వదిలితే మీటరులో అంకె దిగుతాది.
తుడిచే గుడ్డ సిస్టర్ల చిరిగిన అంగీ.
నూలు యాడ పలచనో యాడ గట్టో
నా వేళ్ళకు చెప్పనక్కరలేదు.

మొన్న వాళ్ళకు విభూతి బుధవారం.
నుదుట బూడిద సిలువలతో గుడిలో నుంచి బయటికొస్తాండారు.
నేను మిద్దె అంచున, మోచేతుల దాకా బూడిద,
చెమట తుడుచుకున్న చోటల్లా బూడిద.
నాలుగో తరగతి ఆరోగ్యమ్మ కింద నుంచి అరిచె,
"మామా, నీకెవురు పెట్టినారు?"

గొట్టాల పక్కకు చెయ్యి చూపినా.
పిల్లోళ్ళంతా నవ్విరి.
మదరు నవ్వలేదు.
కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకోని
ఆ పొగ యా దిక్కుకు పోతాందో చానాసేపు చూసె.
తర్వాత నాతో అనె,
"నీళ్ళు చూసి పొయ్యప్పా.
బోరు దిగిపోతాంది."

బకెట్లో నీళ్ళు సగం.
ఇంకా నలభై పలకలుండాయి.
గుడ్డ పిండి, ఆ నీళ్ళే మళ్ళీ పట్టినా.