కసరు

డాండెనాంగ్ స్టేషనుకి ఎదురుగా మా కొట్టు.
ఒక పక్క రొట్టెల బట్టీ,
ఒక పక్క ఫోన్లకి అద్దాలు అతికే కుర్రాడు.
మధ్యలో, గాజు కిటికీ వెనక, నేను.
నా చేతుల మీదుగా డబ్బు రోజుకి పదకొండు దేశాలు పోతుంది,
నేను ఆరింటి బస్సు దాకా పోతాను.

న్యాకుయోత్ గురువారాలు వస్తుంది.
నైరోబీలో చెల్లెలి ఫోన్లోకి నలభై డాలర్లు.
"మోగిందా?" అని అడిగి
మోగిందనేదాకా కిటికీ వదలదు,
వెనక వరస ఎంత సణిగినా.
హుసేన్ దాద్ రేటు అడుగుతాడు, పంపడు.
రేపు పెరుగుతుందంటాడు.
ఒంగోలు పొగాకు వేలంలో చూశాను ఆ మొహం.

ఫారంలో కారణం అని ఒక గడి.
కుటుంబ పోషణ, చదువు, వైద్యం, కానుక.
మనుషులు డబ్బు పంపేది ఈ నాలుగింటికేనని
ఎవరో కూర్చుని తేల్చేశారు.

మార్చిలో ఒకనాడు, షట్టరు సగం దించి,
నాకోసం నేనే ఫారం తీశాను.
పసుపులేటి సౌభాగ్యం, చీరాల.
తొమ్మిదేళ్ళ కింద ఆమె దగ్గర చీటీ పాడుకుని
మూడో వాయిదా నుంచి ఎగ్గొట్టి విమానమెక్కినదాన్ని.
అసలంతా లెక్కేశాను.
వడ్డీ లెక్కేసే ధైర్యం లేకపోయింది.
కారణం గడి మీద చాలాసేపు బాణం ఆడించి
కానుక అని నొక్కాను.
గదిలో ఎవరూ లేకపోయినా సిగ్గేసింది.

నాలుగో రోజున తిరిగొచ్చింది. పేరు కలవలేదట.
ఇంటిపేరు ముందు రాశాను, మనం రాసినట్టే.
ఇక్కడ ఇంటిపేరు వెనక నడవాలి.
రోజూ పదిమందికి నేను దిద్దే తప్పు.
పదిహేను డాలర్ల ఛార్జీ గంగలో కలిసింది.
తిరగేసి మళ్ళీ పంపాను: సౌభాగ్యం పసుపులేటి.
ఎవరో తెలియని మనిషిలా ఉంది.

పది రోజులు ఉలుకూ పలుకూ లేదు.
తర్వాత ఒక వాయిస్ మెసేజ్.
వెనక మగ్గం చప్పుడు. ముందు ఆవిడ గొంతు,
ఖాతా పుస్తకం చదివినట్టు:

"ముట్టింది. నీ పేరు కొట్టేశాను.
నువ్వు పోయినా చీటీ ఆగలేదమ్మాయ్,
నీ బదులు నేనే కట్టి నడిపాను.
ఇప్పుడు లెక్క తీరింది గనక
నీ వాటా కసరు నా దగ్గరుంది,
మూడు వేల నాలుగొందల ఇరవై.
ఇటునుంచి అటు పంపడమెట్లాగో తెలీదు.
కనుక్కుని చెప్పు."

కనుక్కోవడానికేముంది, అదేగా నా పని.
తెల్లకాగితం మీద రాసి చూపిద్దామనుకున్నాను:
పంపేవారు. అందుకునేవారు.
రెండో చోట నా పేరు
ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాయలేదు.
ఇంటిపేరు ముందా, వెనకా?

న్యాకుయోత్ గాజు మీద తడుతోంది.
ఇంకా మోగలేదట.