పక్క కాగితం

దాసన్నపేట, మేడ మీది గది.
రాత్రి రెండూ నలభై.
పరీక్ష మళ్లీ పడిపోయింది.
పదకొండోసారి. పోయినసారి పడ్డచోట కాదు,
ఇంకెక్కడో.

కుంచంలో అడ్డ, అడ్డలో మానిక:
నా బల్ల మీది యంత్రం లోపల ఒక ఉత్తుత్తి యంత్రం,
దాని కడుపులో ఇంకో ఉత్తుత్తిది.
నడిమిది తానే అసలుదాన్ననుకుంటుంది.
లోపలిదీ అంతే.
ఆ నమ్మకం చెదరకుండా చూడటం నా ఉద్యోగం,
అది ఎక్కడ చిరుగుతుందో వేలు పెట్టి వెతకడం కూడా.

లోపలిదాన్ని నిద్రలేపేటప్పుడు
నడిమిది తన లెక్కలన్నీ
రిజిస్టర్లలో ఉన్నవున్నట్టు వదిలి లేస్తుంది.
లోపలిది వస్తుంది. అవే గళ్లు.
తన అంకెలు వేసుకుంటుంది, పోతుంది.
నడిమిది తిరిగొచ్చి చూస్తే
ఆర్‌బీపీ గడిలో తనది కాని చిరునామా.
అనుమానమైనా పడదు పిచ్చిది.
దాన్నే పట్టుకుని బయల్దేరి
లేని వీధిలో లేని తలుపు కొట్టి
అక్కడే చచ్చిపోతుంది.

మూడు రోజులు కెర్నెల్ని తిట్టాను.
నాలుగో రోజు ప్రాసెసర్ని.
పాత కంపైలరు ఆ గడి జోలికి పోయేది కాదు,
కొత్తది పోతోంది, తేడా అంతే.
తప్పు పరీక్షదే అని,
పరీక్ష రాసింది నేనే అని
ఒప్పుకోడానికి ఐదో రోజు పట్టింది.

పొద్దున్న కుళాయి దగ్గర ఇంటాయన, ముద్దాడ గవరయ్య.
మూతపడ్డ గోనె మిల్లులో
ముప్పయ్యొక్క ఏళ్లు టైమ్‌కీపరు.
"కళ్లేటి అలగున్నాయి? రాత్రి తొంగోలేదేటి?"
"రిజిస్టర్లు పాడైపోతున్నాయండీ"
అన్నాను, వేరే మాట దొరక్క.
ఆయన బిందె కింద పెట్టేశారు.

"మాకూ అదే గొడవమ్మా.
మూడు షిఫ్టులకీ ఒక్కటే రిజిస్టరు.
సీ షిఫ్టు గుమస్తా నిద్రమత్తులో
మా బీ షిఫ్టు గళ్లలో తనోళ్ల హాజరు ఏసీసీవోడు.
సెడ్డోడు కాదు. గడి ఎవులిదో ఆడికెవులు సెప్పారు?
శనివారం కూలి కాడ సూస్తే
యందవ సూరమ్మకి మూడు దినాలు లేవు."

"మరేం చేశారు?"

"మేనేజరుకి మూడు కాగితాలెట్టాను,
షిఫ్టుకో రిజిస్టరు ఇమ్మని. ఇవ్వలేదు.
అంచేత గేటు దాటకముందే
నా గళ్లన్నీ బీడీకట్ట కాగితం మీదకి ఎక్కించీసీవోణ్ణి.
జేబులో ఎట్టుకుని ఇంటికి.
మర్నాడొచ్చి, రిజిస్టర్లో ఏటున్నా సరే సెరిపీసి,
కాగితంలోది మళ్లీ ఎక్కించడం.
ఎందుకు మారిందని ఎవుల్నీ అడగలేదు."

"అది రిపేరు కాదు కదండీ."

"కాదు."
బిందె భుజానికెత్తుకున్నారు.
"శనివారం గట్టెక్కడం."

మెట్లెక్కి వచ్చి కూర్చున్నాను.
అంత కలగాపులగంలోనూ
తిరిగొచ్చేటప్పుడు హార్డ్‌వేరు
భద్రంగా చేతికిచ్చేది స్టాకు మొన ఒక్కటి ఉంది.
అదే నా జేబు.
పిలిచే ముందు ఆర్‌బీపీని అందులో దాచు.
పిలువు.
వచ్చాక, గడిలో ఏమున్నా సరే,
జేబులోది తీసి పెట్టు.

రెండు వరుసలు. ఐదు రోజులకి రెండు.
వాటి నెత్తిన ఒక వ్యాఖ్య రాశాను:
ఇది రిపేరు కాదు.
మిగతా గళ్లు ఇంకా వీధిలోనే ఉన్నాయి,
అన్నిటినీ దాచే పద్ధతి ఎవరైనా రాయాలి,
బహుశా నేనే.
అక్కడ శనివారం అని కూడా రాసి
కొట్టేశాను, ఎవరికీ అర్థం కాదని.

వెయ్యిసార్లు తిప్పాను.
మధ్యలో ఓసారి కరెంటు పోయింది,
మళ్లీ మొదట్నించీ వెయ్యి.
అన్నీ పచ్చగా వచ్చాయి.

కింద గవరయ్యగారు రేడియో కట్టేసిన చప్పుడు.
సూరమ్మ ఆ మూడు దినాలు,
పక్క కాగితం మొదలవకముందువి,
వచ్చాయో లేదో
నేను అడగనే లేదు.