డిశ్చార్జి చీటీ వెనక

నా బల్ల కిటికీ పక్కన.
అందులోంచి కొండ కనబడుతుంది.
వచ్చినవాళ్ళు ముందు దానికో దండం పెట్టి
తర్వాత నా వైపు కాయితం చాపుతారు:
"ఇందులో ఏమని రాసుండారు పాపా?"

పదకొండేళ్ళుగా టైపు కొడుతున్నా.
మైలోపతి, అటాక్సియా, మెనింజైటిస్.
వేళ్ళకు వచ్చు. నాకు రాదు.

కరెంటు పోయిన ఒక సాయంత్రం
పుంగనూరు పిల్ల, పీజీ చదివే జాహిదా
టీ ఊదుకుంటూ చెప్పింది:
"మెదడు మీద మూడు పొరలక్కా.
పైదాని పేరుకు అర్థం గట్టి తల్లి,
లోపలిది మెత్తని తల్లి,
నడిమధ్య సాలెగూడు."
ఆ రాత్రి నిద్రపోతున్న కూతురి తల
చాలాసేపు నిమిరాను.
లోపల ఇద్దరున్నారట.
నేను మూడోదాన్ని, జుట్టుకు ఇవతలదాన్ని,
పేలు చూసేదాన్ని.

పదిహేడో బెడ్డు చెంగల్రాయుడు
ఘాట్ రోడ్డు బస్సుల్లో ఇరవై ఆరేళ్ళు కండక్టరు.
మెదడులో ఎడమ పక్క రక్తం గడ్డకట్టి
మాటలన్నీ ఒకే స్టాపులో దిగిపోయాయి.
ఒక్కటి మాత్రం ఫుట్‌బోర్డు మీద వేలాడుతోంది.
"పేరేంది?" "రైట్ రైట్."
"నొప్పుందా?" "రైట్."
పెళ్ళాం ఇడ్లీ ముక్క నోట్లో పెడితే
కళ్ళనీళ్ళతో "రైట్ రైట్."
బ్రోకాస్ అఫేజియా, రైట్ హెమిప్లీజియా
అని కొడుతుంటే ఆ ఒక్కచోట వేలాగింది.
పడిపోయిన పక్కా అదే.
పడిపోని మాటా అదే.

పక్క బెడ్డు దొరసామి, బంగారుపాళ్యం అవతలి పల్లె.
పల్పు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు మూడు దినాలుగా బారు,
ఆ ఏడు కాయకు రేటు లేదు,
అయినా చిటారుకొమ్మ మీది తోతాపురి వదలబుద్ధి కాలేదంట.
వెల్లకిలా పడ్డాడు.
విరిగింది ఎల్ వన్. నలిగింది కాడా ఈక్వైనా.
"అంటే?"
"గుర్రం తోకన్నా. వెన్నులో నరాలు చివరాఖరికి
విడివిడిగా అట్టుంటాయంట."
నవ్వాడు.
ఈగ ఒకటి వచ్చి అతని మోకాటి మీద వాలింది.
వాలిందని కళ్ళకే తెలిసింది.
"ఈగను తోలలేనిది ఏం తోక మ్మా?"

వళ్ళెమ్మ మాత్రం పేరు నేర్చుకోవాలనుకుంది.
"పారా... ఇంకోసారి చెప్పు."
పారాప్లీజియా.
"పేరు సింగారంగానే ఉండాది.
మా చిన్నప్పుడు అమ్మోరు పోస్తే
వేపాకు కట్టి, సల్ల పోసి, పేరు పెట్టి పిలిస్తే
తొమ్మిదో దినం దిగిపొయ్యేది.
ఈయమ్మ ఎన్ని దినాలకు దిగతాది పాపా?
దిగాలంటే పొంగలి పెట్టల్నా, కోడిని కొయ్యల్నా?"

కీబోర్డులో నూట నాలుగు మీటలున్నాయి.
ఏదీ నొక్కలేదు.

చీటీ తిరగేశాను. వెనక తెల్లగా ఉంది.
పెన్ను తీసి మన అక్షరాల్లో రాశాను:
రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాల.
మడమల కింద మెత్త పెట్టాల.
ఉచ్చ సంచి నిండకముందే వంచాల.
వీపు మీద ఎర్రగా కనిపిస్తే ఆ పొద్దే ఆసుపత్రికి రావాల.
నీళ్ళు పోసే ముందు నీ చెయ్యి ముంచి చూడు వళ్ళెమ్మా,
కాగిందో లేదో ఆయన కాలు చెప్పదు.
ఆమెకు చదువు రాదు.
కొడుకు ఏడో తరగతి, వాడు చదివి వినిపించాడు
పాఠం అప్పజెప్పినట్టు, ఎక్కడా ఆగకుండా.
"నీ చెయ్యి ముంచి" అన్నచోట
ఆమె తన చెయ్యి చూసుకుంది.

తీసుకుపోడానికి ఊరి పాలవ్యాను వచ్చింది.
వెనక పరుపు, దాని మీద దుప్పటి, ఇంకా పాలవాసన.
నలుగురు పట్టి ఎక్కించారు.
గుర్రం తోక చివర రెండు పాదాలు
ఎవరివో అన్నట్టు ఊగి పడుకున్నాయి.
డ్రైవరు ఎవరైనా ఏదైనా చెబుతారేమోనని
ఇంజను ఆన్‌లోనే పెట్టి చూస్తున్నాడు.
ఎవరికీ మాట రాలేదు.

వరండాలో ఎండకు కూర్చోబెట్టిన చెంగల్రాయుడు
పనిచేసే చేత్తో చక్రాల కుర్చీ రేకు మీద
రెండు దెబ్బలు కొట్టాడు.
"రైట్ రైట్."

వ్యాను కదిలింది.